గాల్వెస్టన్‌లో చలికాలపు ట్రౌట్ వేట: గైడు పడవకు పెట్టిన డబ్బు ఏ మేరకు గిట్టింది

జనవరి మూడవ వారంలో మేము ముగ్గురు మిత్రులం టెక్సాస్ తీరంలోని గాల్వెస్టన్ వెస్ట్ బే అనే అఖాతంలో ఒక గైడును కుదుర్చుకుని, ఒక రోజంతా స్పెకిల్డ్ ట్రౌట్ అనే చేప కోసం గాలం వేశాము. పడవకు 750 డాలర్లు, చివర మేము ఇచ్చిన టిప్పు 150 డాలర్లు, వెరసి తలా 300 పడింది. నీటి పోకడను, చేప జాడను పట్టడంలో ఆ గైడుకు పూర్తి మార్కులు ఇస్తాను. బయలుదేరే వేళను నిర్ణయించడంలోనూ, మాకు ఇచ్చిన సరంజామా విషయంలోనూ మాత్రం సగం మార్కులు ఇవ్వడానికి కూడా చేయి రావడం లేదు.

పేరులో ట్రౌట్ ఉన్నప్పటికీ ఈ చేపకు కొండవాగుల్లో దొరికే ట్రౌట్‌తో చుట్టరికం లేదు. ఇది డ్రమ్ కుటుంబానికి చెందినది, రెడ్‌ఫిష్‌కూ క్రోకర్‌కూ దగ్గరి బంధువు. వేసవిలో ఇది ఆలుచిప్పల దిబ్బల మీద రొయ్యల వెంట తిరుగుతూ ఉంటుంది కనుక, బెండు కింద బతికున్న రొయ్యను గుచ్చి విసిరితే అనుభవం లేనివారికి కూడా ఒకటి రెండు పడతాయి, గైడు అవసరం అంతగా కనిపించదు. చలికాలం సంగతి వేరు. నీళ్ళు చల్లబడిన కొద్దీ చేప మందగిస్తుంది, లోతుకు దిగుతుంది, రొయ్యలు కరువై ఎక్కువగా మల్లెట్ల మీద, అంటే మన కొయ్యింగ జాతి చేపల మీద ఆధారపడుతుంది, రోజులో ఏదో ఒకటి రెండు గంటలు మాత్రమే నోరు తెరుస్తుంది. ఆ గంట ఏదో, ఆ చోటు ఏదో తెలిసిన మనిషి కోసమే మనం డబ్బు ఇస్తున్నామన్నది నా అవగాహన, ఈ సమీక్ష కూడా ఆ లెక్కలోనే రాస్తున్నాను.

బుకింగ్ దగ్గర ఫిర్యాదు ఏమీ లేదు. మేము మొదట అనుకున్న శనివారానికి రెండు రోజుల ముందే గైడు తానుగా ఫోను చేసి, ఉత్తరం నుంచి చలిగాలి దిగుతోందని, అది వీచినప్పుడు బేలోని నీరు సముద్రం వైపు తోసుకుపోయి పడవ దారుల్లో అడుగు మట్టి బయటపడుతుందని వివరించి, మేము కట్టిన 200 డాలర్ల అడ్వాన్సును వారం తరువాతి తేదీకి మార్చాడు. వాతావరణం బాగా లేకపోయినా అడ్వాన్సు పోతుందేమోనన్న భయంతో మనుషులను నీళ్ళలోకి దింపేవారు ఉంటారు కనుక దీనిని చిన్న విషయంగా తీసేయలేను. అడిగిన వెంటనే కోస్ట్ గార్డ్ లైసెన్సును, రాష్ట్రం ఇచ్చిన గైడు లైసెన్సును చూపించాడు. డబ్బు తీసుకుని మనుషులను పడవ ఎక్కించుకునేవారి దగ్గర ఈ రెండూ చూడటం ఎవరికైనా మంచిదే.

చిక్కంతా తెల్లవారుజామున మొదలైంది. ఉదయం 5:30కు రేవులో ఉండాలన్నది ఆయన నియమం. వేసవిలో ఎండ ముదరకముందే పని ముగించుకోవడానికి ఏర్పడిన అలవాటును జనవరిలో కూడా అలాగే కొనసాగించడం తప్ప దీనికి మరో కారణం నాకు కనిపించలేదు. చీకట్లో, పొగమంచులో, ముఖానికి సూదులు గుచ్చినట్టున్న గాలిలో ఇరవై నిమిషాలు పడవ నడిపి మమ్మల్ని నడుము లోతు నీళ్ళలో దింపే సమయానికి పడవలోని మీటరు నీటి ఉష్ణోగ్రతను 52 డిగ్రీల ఫారన్‌హీట్‌గా చూపుతోంది. పదిన్నర దాకా ముగ్గురికీ కలిపి దొరికింది పదమూడు అంగుళాల చేప ఒక్కటే, దానిని కూడా వదిలేయవలసి వచ్చింది. దీనికి తోడు, నీళ్ళలో నిలబడేందుకు తొడుక్కోమని ఆయన ఇచ్చిన, నీరు చొరని మూడు జతల వేడర్లలో నా వంతుకు వచ్చినదానికి ఎడమ మోకాలి దగ్గర అతుకు ఊడి ఉంది. అరగంటలో మేజోడు తడిసి, గంటలో పాదం ఉన్నదో లేదో తెలియని స్థితికి వచ్చింది. విషయం చెబితే గైడు నొచ్చుకున్నాడు, తన పొడి మేజోళ్ళు కూడా ఇచ్చాడు, కానీ మారు జత మాత్రం పడవలో లేదు. పక్కన నిలబడ్డ మిత్రుడు వణుకుతూనే, "ఒరేయ్, ఈ నీళ్ళలో చేపంటూ ఉంటే దానికీ స్వెట్టరు ఉండి తీరాల్రా" అన్నాడు. చలికాలంలో వేడర్లు సరదా సామాను కాదు, ప్రాణానికి సంబంధించిన సామాను; వాటిని అద్దెకిచ్చే వారు ప్రతి వారం నీళ్ళు పోసి పరీక్షించి తీరాలి.

మధ్యాహ్నం అదే గైడు మరో మనిషిలా కనిపించాడు. పన్నెండు దాటాక ఎండ నిలిచింది. ఆయన మమ్మల్ని ఉత్తరపు ఒడ్డున, గాలి తగలని ఒక మడుగులోకి తీసుకువెళ్ళి, అక్కడ నీటి అడుగున నల్లటి బురద, దాని మీద అక్కడక్కడ ఆలుచిప్పలు ఉన్నాయని, ఆ బురద ఎండను పీల్చుకుని చుట్టుపక్కల నీటి కంటే ముందుగా వెచ్చబడుతుందని చెప్పాడు. మీటరు 57 చూపింది. దూరంగా ఒక్క మల్లెట్ ఎగిరి పడింది. ఆయన మాట ఆపి, అటువైపే నడవమని చేతితో సైగ చేశాడు. అక్కడ తోకలో విషపు ముల్లు ఉండే టేకు చేపలు ఉండవచ్చు కనుక అడుగులు ఎత్తకుండా ఈడుస్తూ నడవమని కూడా హెచ్చరించాడు.

ఎర విషయంలో ఆయన చూపిన ఓపిక ఈ యాత్రలో అన్నిటికంటే విలువైనది. హ్యూస్టన్‌లో పుట్టిన కార్కీ అనే మెత్తటి లూర్‌ను, అంటే కృత్రిమ ఎరను కట్టాడు. దాని లోపల తీగ ఉంటుంది, తోకను కొంచెం వంచితే నీళ్ళలో దాని కదలిక మారుతుంది. విసిరాక అయిదు లెక్కపెట్టి, కర్ర కొసతో రెండు చిన్న కుదుపులు ఇచ్చి, తరువాత ఏమీ చేయకుండా ఆగాలి. మేమందరం ఆగవలసిన చోట కదిపాము. మా మణికట్టు పట్టుకుని ఆపి, ఎర కదిలినప్పుడు చేప చూస్తుందని, ఆగినప్పుడు అందుకుంటుందని మళ్ళీ మళ్ళీ చెప్పాడు. నాకు పడిన మొదటి చేప గుంజనే లేదు. దారం మీద ఎవరో గోటితో మీటినట్టు ఒక్క చిన్న టిక్కు, ఆ వెంటనే తడిసిన గోనెను లాగుతున్నంత బరువు. పైకి వచ్చాక తల విదిలిస్తూ నోరు తెరిచింది: లోపల పసుపు పచ్చ, పైదవడ ముందు కోరపళ్ళు, వీపు మీద ఊదారంగు మెరుపు, దాని మీద తోక దాకా నల్లటి చుక్కలు. దీని నోటి పొర పల్చన; బలంగా లాగితే కొక్కెం చుట్టూ చిరిగి జారిపోతుంది. అందుకే గైడు ముందుగానే రీళ్ళ డ్రాగ్, అంటే దారాన్ని పట్టి ఉంచే బిగువు, వదులు చేసి ఉంచాడు, అయినా తొందరపడి రెండు చేపలను పోగొట్టుకున్న ఘనత నాదే.

రెండు గంటలలో పదకొండు చేపలు ఒడ్డెక్కాయి, ఆరు ఉంచుకున్నాము. 2021 ఫిబ్రవరి నాటి గడ్డకట్టే చలికి టెక్సాస్ తీరంలో కనీసం 38 లక్షల చేపలు చచ్చిపోయాయి, వాటిలో ట్రౌట్ కూడా పెద్ద సంఖ్యలో ఉన్నాయి. 2024 మార్చి నుంచి మనిషికి రోజుకు మూడే చేపలు, అవి కూడా మామూలుగా 15 నుంచి 20 అంగుళాల మధ్యవే ఉంచుకోవాలన్న నియమం అమలులో ఉంది. గైడుకు తన వంతు అంటూ చేపలు ఉండవు కనుక మా ముగ్గురికీ తొమ్మిదే హద్దు. తోక రెక్కలు దగ్గరకు నొక్కి కొలిచి, ఇరవైకి పావు అంగుళం మించిన చేపను మా నిట్టూర్పులు పట్టించుకోకుండా వదిలేశాడు. అంత నిక్కచ్చి మనిషి తన ప్రకటనలో మాత్రం పాత హద్దుల నాటి చేపల బారు ఫొటోలనే ఇంకా ఉంచుకోవడం బాగా లేదు. వాటిని చూసి వచ్చేవారు ఐస్ పెట్టె నిండుతుందని ఆశపడతారు.

రేవులో చేపలు కోసి ఇవ్వడం ధరలోనే కలిసి ఉంది. అక్కడివారు ఇరువైపులా కండ మాత్రమే తీసుకుని మిగతాది పెలికాన్లకు విసురుతారు. పులుసుకు తలలు కూడా కావాలని మేము అడిగితే ఆయన ఒక క్షణం తెల్లబోయి, తరువాత ఆరు తలలనూ మొప్పలు తీసి, విడిగా సంచిలో కట్టి ఇచ్చాడు. పెలికాన్లు మా వైపు చూసిన చూపును ఇక్కడ వర్ణించను.

చిన్నపిల్లలతో వెళ్ళేవారికి, రోజంతా చేతికి పని ఉండాలనుకునేవారికి ఈ చలికాలపు యాత్రను సిఫారసు చేయను. వారు మే నెల దాకా ఆగితే రొయ్యతో సంతోషంగా గడుపుతారు. గంటల కొద్దీ ఏమీ పడకపోయినా కబుర్లతో నెగ్గుకురాగల ఇద్దరు ముగ్గురు మిత్రులకు మాత్రం నిస్సంకోచంగా చెబుతాను. మేము ఫిబ్రవరి చివరి వారానికి ఇదే గైడును మళ్ళీ కుదుర్చుకున్నాము, కాకపోతే ఉదయం పది గంటలకు బయలుదేరాలని సందేశంలో రాయించుకుని, నా వేడర్లు నేనే కొనుక్కున్నాను.