ఓబీఎస్ స్టూడియో: ఫెడోరాలో ఏ ప్యాకేజీ వేసుకోవాలి?

లినక్స్‌లో ఓబీఎస్ (స్క్రీన్ రికార్డింగ్, లైవ్ స్ట్రీమింగ్ సాఫ్ట్‌వేర్) సరిగా నడవడం లేదంటే ముందు చూడాల్సింది, దాన్ని ప్యాక్ చేసింది ఎవరని. ఫెడోరా అనే లినక్స్ రకంలో మా ఓటు ఫ్లాట్‌హబ్ అనే యాప్ స్టోర్‌లోని ఫ్లాట్‌పాక్‌కే (రకరకాల లినక్స్‌లలో నడిచే ప్యాకేజీ రూపం). 2022లో 27.2 వెర్షన్ నుంచి దాన్ని ఓబీఎస్ బృందమే అధికారికంగా ఇస్తోంది. ఉబుంటు వాళ్లకు ఆ బృందానిదే పీపీఏ (విడిగా జోడించుకునే ప్యాకేజీల రిపోజిటరీ) కూడా ఉంది.

ఈ తేడా ఎందుకు ముఖ్యమో 2025 మొదట్లో బయటపడింది. ఫెడోరా తన సొంత ఫ్లాట్‌పాక్ రిపోజిటరీలో ఓబీఎస్‌ను విడిగా బిల్డ్ చేసి పెట్టింది. సాఫ్ట్‌వేర్ యాప్‌లో ముందు కనిపించేది అదే. అందులో లోపాలున్నాయి, ఫిర్యాదులు మాత్రం అసలు రచయితల దగ్గరకు వెళ్లాయి. తీసేయమని అడిగినా తేలకపోవడంతో ఫిబ్రవరిలో వాళ్లు ట్రేడ్‌మార్క్ పేరుతో చట్టపరమైన హెచ్చరిక చేశారు. ఓబీఎస్ లైసెన్సైన జీపీఎల్ ప్రకారం కోడ్‌ను ఎవరైనా మార్చి పంచవచ్చు. పేరు, లోగో ఆ లైసెన్సులోకి రావు. చివరికి ఫెడోరా ఆ ప్యాకేజీని ఆపేసింది. అలాగని ఫెడోరా వాదనను కొట్టిపారేయలేం. క్యూటీ (యాప్ విండోలు, బటన్లు గీసే లైబ్రరీ) కొత్త వెర్షన్‌లో ఇబ్బందులున్నాయని ఓబీఎస్ అప్పట్లో కాలం చెల్లిన రన్‌టైమ్‌నే (ఫ్లాట్‌పాక్ యాప్ ఆధారపడే లైబ్రరీల మూట) వాడుతోంది, భద్రతాపరంగా అది మంచిది కాదు. కానీ పనిచేయని బిల్డ్‌కు అసలు పేరు తగిలించి, తిట్లు రచయితలకు వదిలేయడం ఏ లైసెన్సూ ఇచ్చే హక్కు కాదు.

మీ దగ్గరున్నది ఏదో తెలియాలంటే టెర్మినల్‌లో ఫ్లాట్‌పాక్ లిస్ట్ కమాండ్ ఇచ్చి ఆరిజిన్ కాలమ్ చూడండి. ఫెడోరా అని ఉంటే అన్‌ఇన్‌స్టాల్ చేసి, ఫ్లాట్‌హబ్ నుంచి మళ్లీ వేసుకోండి. రెండింటికీ యాప్ ఐడీ ఒకటే, సెట్టింగులు హోమ్‌లోని డాట్ వార్ (.var) ఫోల్డర్‌లో ఉంటాయి. తీసేటప్పుడు డేటా డిలీట్ చేసే ఆప్షన్ జోలికి వెళ్లకపోతే సీన్లన్నీ అలాగే ఉంటాయి. ఎందుకైనా మంచిది, సీన్ కలెక్షన్ మెనూలోంచి ముందే ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకోండి. సాఫ్ట్‌వేర్ యాప్‌లోనే వేసుకుంటే ఇన్‌స్టాల్ బటన్ దగ్గరున్న సోర్స్ జాబితాలో ఫ్లాట్‌హబ్ ఎంచుకోవాలి.

వేశాక సోర్సెస్‌లో ప్లస్ నొక్కి బ్రౌజర్ ఉందో లేదో చూడండి. స్క్రీన్ మీద చాట్, అలర్టులు చూపించేవాళ్లకు అది లేకపోతే పని జరగదు. తర్వాత సెట్టింగ్స్, ఔట్‌పుట్‌లో ఎన్‌కోడర్ల (వీడియోను కుదించేవి) జాబితా చూడండి. పేటెంట్ల భయంతో ఫెడోరా 2022లో తన మీసా గ్రాఫిక్స్ డ్రైవర్లలో హెచ్.264 వీడియో ఫార్మాట్‌కు హార్డ్‌వేర్ సాయం ఆపేసింది కాబట్టి ఆర్‌పీఎం (ఫెడోరా మామూలు ప్యాకేజీ రూపం) వాడేవాళ్లు ఈ జాబితాను తప్పక చూసుకోవాలి.

ఫ్లాట్‌హబ్ దానికీ చిరాకులున్నాయి. ఆర్‌పీఎంగా దొరికే ప్లగిన్లు దీనికి పట్టవు, ఫ్లాట్‌పాక్ ఎక్స్‌టెన్షన్లుగా ఉన్నవే వేయాలి. వర్చువల్ కెమెరాకు (ఓబీఎస్ దృశ్యాన్ని వేరే యాప్‌లకు వెబ్‌క్యామ్‌లా చూపేది) వీ4ఎల్2లూప్‌బ్యాక్ కెర్నల్ మాడ్యూల్ బయట సిస్టమ్‌లోనే ఉండాలి. ఆర్‌పీఎం ఫ్యూజన్ అనే అదనపు రిపోజిటరీ నుంచి దాన్ని తెచ్చుకోవచ్చు. సెక్యూర్ బూట్ (సంతకం లేని కోడ్‌ను అడ్డుకునే రక్షణ) ఆన్‌లో ఉంటే మాడ్యూల్‌కు డిజిటల్ సంతకం చేసి, ఆ సంతకపు తాళంచెవిని (కీ) సిస్టమ్‌లో ఎన్‌రోల్ చేసేదాకా ఆ మాడ్యూల్ లోడ్ కాదు.