లక్ష కిలోమీటర్ల ప్లగ్గు మీద నా గొడవ

కారు ఇంజిన్‌లో పెట్రోల్‌ను మండించే స్పార్క్ ప్లగ్గుల్లో, మొనకు ఇరిడియం అనే లోహం వాడినవి కొన్ని ఉంటాయి. ఆ ఇరిడియం ప్లగ్గుల పెట్టె మీద "లక్ష కిలోమీటర్లు" అన్న మాట కనిపిస్తే ఇప్పుడు నాకు ఒళ్లు మండుతుంది. ఆ మాట అబద్ధమని కాదు. వాటి మొన నిజంగానే అంత కాలం నిలుస్తుంది. లక్ష దాకా చూడక్కర్లేదన్నారు కదా అని నేను కూడా నిజంగానే చూడలేదు. నా గొడవంతా అదే.

బండి ఇరవై ఏళ్లు దాటిన నాలుగు సిలిండర్ల పెట్రోల్ కారు. కరెంటును నాలుగు ప్లగ్గులకూ వంతులవారీగా పంచే డిస్ట్రిబ్యూటర్, లావుపాటి ప్లగ్ వైర్లు, ఇంజిన్ పైమూత అయిన ట్యాపెట్ కవర్ మధ్యలో నాలుగు లోతైన గుంతలు, వాటి అడుగున ప్లగ్గులు. ఇలాంటి ఇంజిన్‌లో ప్లగ్గు పైనుంచి కనిపించదు. వైరు పీకి, టార్చి వేసి తొంగి చూస్తే తప్ప అక్కడ ఏం జరుగుతోందో తెలియదు.

ఇరిడియం సెట్ వేసిన కొత్తలో నేనే ఊరంతా డప్పు కొట్టాను. ఒక్క సెల్ఫ్‌కే స్టార్టవుతోందని, ఐడిలింగ్‌లో స్టీరింగ్ వణకడం మానేసిందని, మైలేజీ కూడా కాస్త పెరిగిందని అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పాను. అందులో ఇరిడియం వాటా ఎంతో ఇప్పుడు గట్టిగా చెప్పలేను. అదే రోజు ప్లగ్ వైర్లు, డిస్ట్రిబ్యూటర్ క్యాప్, ఎయిర్ ఫిల్టర్ కూడా మార్చాను మరి. పైగా తీసేసిన పాత ప్లగ్గుల్లో ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి రేకులు) పెట్టి చూస్తే 1.1 మి.మీ. ఉండాల్సిన గ్యాప్, అంటే స్పార్క్ దూకే సందు, 1.4 దాటిపోయి ఉంది. వాటి చోట ఏ కొత్త ప్లగ్గు పెట్టినా బండి బాగానే పరిగెత్తేది. ఒక్క విషయం మాత్రం ఒప్పుకోవాలి. మామూలు నికెల్ ప్లగ్గులో మధ్య ఎలక్ట్రోడ్ (స్పార్క్ దూకే మొన) 2.5 మి.మీ. లావుంటుంది, ఇరిడియంలో 0.6, కొన్నింట్లో 0.4. మొన సన్నగా ఉంటే స్పార్క్ తక్కువ వోల్టేజీకే దూకుతుంది. ఆ వోల్టేజీ పుట్టించేది కాయిల్, వయసు మీద పడిన కాయిల్‌కు అది పెద్ద ఊరట. ఆ మెప్పు వెనక్కి తీసుకోను.

మూడున్నరేళ్లు, 41 వేల కిలోమీటర్లు అయ్యాక ఒకరోజు ఎత్తు ఎక్కుతుంటే టాప్ గేర్‌లో బండి ఎవరో వెనక నుంచి లాగినట్టు జర్కిచ్చింది. గేర్ తగ్గిస్తే సర్దుకుంది. చదును రోడ్డు మీద ఏమీ లేదు, ఐడిలింగ్ గడియారంలా ఉంది. పెట్రోల్‌లో నీళ్లు కలిశాయేమోనని వేరే బంకులో పోయించాను. ఫ్యూయల్ ఫిల్టర్ మార్చాను. త్రాటిల్ బాడీ క్లీన్ చేయించాను. రెండు నెలలు ఇలా చుట్టూ తిరిగాను గానీ ప్లగ్గుల జోలికి మాత్రం పోలేదు. మెకానిక్ అడగనే అడిగాడు, "ప్లగ్గులు చూశారా సార్?" అని.

"వాటికింకా అరవై వేలు టైముంది" అన్నాను, తెలిసినవాడిలా.

"ప్లగ్గుకుంది సార్. ప్లగ్గు కూర్చున్న గుంతకు?" అన్నాడు.

ఆదివారం పొద్దున ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు మొదలుపెట్టాను. ఒకటి, రెండు వైర్లు పొడిగా వచ్చాయి. మూడోది పట్టుకుని లాగితే చప్ మని శబ్దం చేస్తూ వచ్చింది. వైరు చివర ప్లగ్గుకు తొడిగే రబ్బరు బూట్ నానిన శనగగింజలా ఉబ్బిపోయి, కొస నుంచి ఇంజిన్ ఆయిల్ కారుతోంది. టార్చి వేస్తే గుంతలో ప్లగ్గు కనిపించలేదు. నల్లటి నూనెలో టార్చి వెలుగు కనిపించింది.

ఆ గుంతల చుట్టూ ట్యాపెట్ కవర్ లోపల గుండ్రటి రబ్బరు సీళ్లుంటాయి. ఏళ్ల తరబడి వేడికి అవి ఎండి ప్లాస్టిక్‌లా గట్టిపడతాయి. ఆయిల్ కొద్దికొద్దిగా గుంతలోకి దిగుతుంది. ఇంజిన్ కింద ఒక్క చుక్క కూడా పడదు కాబట్టి లీకుందని మనకు తెలియదు.

ఆ నూనె ఉండగానే ప్లగ్గు విప్పితే అంతా సిలిండర్‌లో పడుతుంది. సిరంజికి సన్నటి ట్యూబు తగిలించి లాగేశాను, మిగిలింది పుల్లకు గుడ్డ చుట్టి అద్దాను. దీనికే ముప్పావు గంట. తర్వాత ప్లగ్ స్పానర్ వేసి తిప్పితే పావు చుట్టు కదిలి ఆగిపోయింది. ఇంజిన్ పైభాగమైన అల్యూమినియం హెడ్‌లో ప్లగ్గు ఉక్కు మరలు మూడున్నరేళ్లుగా కదలకుండా కూర్చున్నాయి. పైగా వేసినప్పుడు లీకవుతుందేమోనని "ఇంకొంచెం" అంటూ బిగించింది నేనే. ఆ పావు చుట్టు దగ్గర నాకు పట్టిన చెమట వేరే ఎప్పుడూ పట్టలేదు. బలవంతం చేస్తే ప్లగ్గుతో పాటు హెడ్‌లోని మర కూడా ఊడొస్తుంది. అప్పుడు పని ప్లగ్గుతో ఆగదు.

తుప్పు వదిలించే స్ప్రే కొట్టి మర్నాటిదాకా వదిలేశాను. సోమవారం ఎనిమిదో వంతు విప్పడం, మళ్లీ బిగించడం, కాస్త స్ప్రే, మళ్లీ విప్పడం. ప్రతిసారీ కిర్రుమని శబ్దం. ఆ శబ్దానికి పక్కనే నిలబడ్డ మా అబ్బాయి చెవులు మూసుకున్నాడు. చివరికి వచ్చింది. కింది మరలో వెంట్రుకంత మెరిసే అల్యూమినియం పీచు ఇరుక్కుని ఉంది. అంతకన్నా ఎక్కువ రాలేదు, నా అదృష్టం.

మొన చూస్తే కొత్తదానిలా ఉంది. అసలు దోషి పింగాణీ. తెల్లటి పింగాణీ మీద పైనుంచి కింద ఇనుము దాకా పెన్సిల్‌తో గీసినట్టు నిలువుగా నల్లటి గీత. స్పార్క్ గ్యాప్‌లో దూకడం మానేసి బూట్‌కీ పింగాణీకీ మధ్య నుంచి జారుకుని బయటే దూకిన గుర్తు అది. ఎత్తు ఎక్కేటప్పుడే ఎందుకంటే, యాక్సిలేటర్ గట్టిగా నొక్కితే సిలిండర్‌లో ఒత్తిడి పెరుగుతుంది, గ్యాప్ దాటడానికి ఎక్కువ వోల్టేజీ కావాలి. అప్పుడు కరెంటు సులువైన దారి వెతుక్కుంటుంది. నూనెలో ఉబ్బి వదులైన బూట్ ఆ దారిచ్చింది. ఐడిలింగ్‌లో అంత ఒత్తిడి ఉండదు, అందుకే అంత బుద్ధిగా నడిచింది. (పింగాణీ ఇనుమును కలిసేచోట చుట్టూ గోధుమరంగు మరక కనిపిస్తే కంగారు పడకండి. హై వోల్టేజీ చుట్టుపక్కల నూనె తుంపరల్ని లాక్కోవడం వల్ల పడే మరక అది, దానివల్ల నష్టం లేదు. ఒకప్పుడు దాన్ని గ్యాస్ లీక్ అనుకుని మంచి ప్లగ్గులు పారేశాను.)

సీళ్లు, ట్యాపెట్ కవర్ ప్యాకింగ్, ఆ ఒక్క వైరు మార్చి, ఈసారి మామూలు నికెల్ ప్లగ్గులు వేశాను. అందరూ కాపర్ ప్లగ్గులంటారు గానీ రాగి ఉండేది లోపలి పోగులోనే, మొన నికెల్‌దే. కొనేటప్పుడు బ్రాండ్ మారితే మాత్రం జాగ్రత్త. ప్లగ్గు పేరులోని అంకె అది వేడిని ఎంత త్వరగా వదులుతుందో చెబుతుంది. త్వరగా వదిలితే చల్లనిది, నిదానంగా వదిలితే వేడిది. ఎన్‌జీకేలో అంకె పెరిగితే ప్లగ్గు చల్లనిది, బాష్‌లో అంకె పెరిగితే వేడిది. ఎన్‌జీకే 6 చోట బాష్ 7, డెన్సో 20 వస్తాయి. నాది బీకేఆర్6ఈ-11. అందులో ఆర్ అంటే లోపల రెసిస్టర్ ఉందని. అది లేనివి ఒకసారి తెలియక వేశాను, రేడియోలో ఇంజిన్ స్పీడును బట్టి గీపెట్టడం మొదలైంది.

బిగించడం మాత్రం పూర్తిగా మార్చుకున్నాను. పాత పెట్రోల్ పైపు ముక్క ప్లగ్గు తలకు తొడిగి, ఆ పైపుతోనే మర ఎక్కిస్తున్నాను. మర తప్పితే పైపు జారిపోతుంది, చేతికి వెంటనే తెలుస్తుంది. వాషర్ ఆనాక, కొత్త ప్లగ్గయితే అర చుట్టు నుంచి మూడింట రెండు వంతుల చుట్టు, అంతే. టార్క్ రెంచ్ ఉంటే ఈ 14 మి.మీ. మరకు 25 నుంచి 30 న్యూటన్ మీటర్లు. మరకు గ్రీజు లాంటిది పూయమని చాలామంది చెబుతారు. నేను పూయడం లేదు. పూస్తే అదే బలానికి మర ఇంకా ఎక్కువ బిగుసుకుంటుంది.

ఈ నికెల్ సెట్లతో రెండున్నరేళ్లు, 27 వేల కిలోమీటర్లు అయ్యాయి. ఇరిడియం అంత బాగుందా అంటే, లేదు. 15 వేలకే గ్యాప్ 1.1 కాస్తా 1.2 అయింది, చలిలో సెల్ఫ్ అర సెకను ఎక్కువ తీసుకుంటోంది. 20 వేలకు సెట్ మార్చేశాను. కానీ ప్రతి 10 వేలకు నాలుగూ బయటికొస్తున్నాయి. లేత గోధుమరంగులో ఉన్నాయా, నల్లటి మసి పట్టిందా, గుంత పొడిగా ఉందా అన్నవి చూస్తున్నాను. కిందటిసారి రెండో గుంత అంచున తడి తగిలింది. గోరు మీదికి కూడా రానంత. ట్యాపెట్ కవర్ బోల్టు ఒకటి వదులైంది, పది నిమిషాల్లో అయిపోయింది.

నాకిది సరిపోతోందంటే నా బండిలో నాలుగు ప్లగ్గులూ అరగంటలో చేతికొస్తాయి కాబట్టి, బానెట్ ఎత్తడం నాకు సరదా కాబట్టి. వీ6 ఇంజిన్‌లో వెనక మూడు ప్లగ్గుల కోసం ఇన్‌టేక్ మానిఫోల్డ్ విప్పాల్సిన బండి అయితే నేనూ కళ్లు మూసుకుని ఇరిడియమే వేస్తాను. రోజూ దూరాలు తిరిగేవాళ్లకూ అదే మేలు. నాలాంటి బండిలో ఇరిడియం వేసినా ఫరవాలేదు, వేసి మర్చిపోకపోతే.

ఆ పాత ఇరిడియం ప్లగ్గులు మూడు ఇప్పటికీ డిక్కీలో గుడ్డలో చుట్టి ఉన్నాయి. మొన్న ఊరికే గ్యాప్ కొలిచాను. మూడింటికీ 1.1 దగ్గరే ఉంది.