అద్దె ఫ్లాట్‌కి విండో ఏసీనా, స్ప్లిట్ ఏసీనా?

సొంతిల్లయితే ఇంత ఆలోచన అక్కర్లేదు, స్ప్లిట్ పెట్టించుకోవచ్చు. అద్దె ఇంట్లో మాత్రం ముందు ఓనర్‌ని అడగాలి. గోడకి రెండు మూడు అంగుళాల రంధ్రం కొట్టాలి, బయటి యూనిట్‌కి స్టాండ్ బిగించాలి. ఖాళీ చేసేటప్పుడు ఆ రంధ్రం లెక్క అడ్వాన్స్‌లో తేలుతుంది.

అసలు ఖర్చు ఇల్లు మారినప్పుడే. స్ప్లిట్ విప్పేముందు గ్యాస్‌ని బయటి యూనిట్‌లోకి లాగి వాల్వులు మూసేయాలి. మాకొచ్చిన మెకానిక్ ఆ పని హడావుడిగా కానిచ్చేశాడు. కొత్తింట్లో బిగించాక గాలి వచ్చింది గానీ చల్లదనం రాలేదు. మళ్లీ గ్యాస్ నింపించాం, రాగి పైపు చాలక ఇంకో రెండు మీటర్లు కొన్నాం.

విండో ఏసీకి ఈ తలనొప్పి లేదు. ఒకటే పెట్టె, ఇద్దరు పట్టి ఆటో ఎక్కిస్తే సరి. కాకపోతే మోత ఎక్కువ. కంప్రెసర్ గదిని ఆనుకునే ఉంటుంది మరి! పైగా ఇప్పటి ఫ్లాట్లలో అన్నీ స్లైడింగ్ కిటికీలే, అది పట్టే చోటు దొరకడం కష్టం.

రాత్రంతా నడిపేవాళ్లకు కరెంటు బిల్లులో ఇన్వర్టర్ స్ప్లిటే (గది చల్లబడ్డాక కంప్రెసర్ వేగం తనే తగ్గించుకునే రకం) మేలు. ఏడాదికోసారి ఇల్లు మారేవాళ్లకు మాత్రం, కిటికీ కుదిరితే, విండోనే కొనమంటాను.