12 ఎం.ఎం. స్టడ్ల నుంచి 14కు: పాత పికప్‌తో మూడు మిర్చి సీజన్లు

2022 ఫిబ్రవరిలో ఒక రాత్రి నర్సంపేట నుంచి వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాలతో వస్తున్నాను. గిర్నిబావి దాటాక వెనుక ఎడమ చక్రం దగ్గర టక్కు టక్కుమని చప్పుడు మొదలైంది. టైరులో రాయి ఇరుక్కుందేమో అనుకున్నాను. బండి పక్కకు తీసి లైటు వేసి చూస్తే ఐదు స్టడ్లలో, అంటే చక్రాన్ని పట్టి ఉంచే బోల్టుల్లో, రెండు తెగిపోయాయి. మిగతా మూడింటి నట్లు చేత్తో తిరుగుతున్నాయి. ఇంకొంత దూరం పోయి ఉంటే ఆ చక్రం ఊడి ఎవరి మీదికి పోయేదో. తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది.

హబ్‌లో, అంటే స్టడ్లు దిగి ఉండే చక్రం నడిమి భాగంలో, మిగిలిన మొండాలను మర్నాడు బయటికి తీయించాను. తెగిన చోటు చూస్తే విషయం మొత్తం అక్కడే కనిపించింది. ముప్పావు వంతు తుప్పు రంగులో, నున్నగా, ఆల్చిప్ప మీది గీతల్లాంటి గీతలతో ఉంది. అంచున నెలవంకంత ముక్క మాత్రం కొత్తగా మెరుస్తోంది. అంటే ఆ రాత్రి తెగింది ఆ నెలవంక ఒక్కటే. మిగతాదంతా అంతకు ముందే కొద్దికొద్దిగా చీలుతూ వచ్చింది.

అంతకు పది రోజుల ముందే టైరు మార్పించాను. రిమ్ముకూ దాని వెనుక ఆనే బ్రేకు డ్రమ్ముకూ మధ్య తుప్పు పొరలు గీకకుండానే ఎక్కించారు, ఎయిర్ గన్‌తో బిగించారు. నేను కూడా మళ్ళీ స్పానర్ పెట్టి చూడలేదు. తుప్పు నలిగి ఊడిపోయాక నట్టు వదులైంది. చాలామంది బండి బరువు స్టడ్ల మీద వేలాడుతుందనుకుంటారు. కాదు. బిగించిన స్టడ్డు స్ప్రింగులా సాగి రిమ్మును డ్రమ్ముకు గట్టిగా అదిమి పెడుతుంది. ఆ ఒత్తిడి వల్ల పుట్టే రాపిడే బరువును మోస్తుంది. నట్టు వదులైతే చక్రం తిరిగిన ప్రతిసారీ స్టడ్డు ఇటూ అటూ వంగుతుంది. ఇనుప తీగను పదే పదే వంచితే తెగినట్టే ఇదీ తెగుతుంది.

బండి పాతది, ఏళ్ళ తరబడి గన్ దెబ్బలకు మిగతా స్టడ్ల మరలు కూడా సాగిపోయాయి. ఎలాగూ అన్నీ మార్చాల్సిందే. అందుకే వరంగల్ ఆటోనగర్‌లో తెలిసిన లేత్ మేస్త్రీ దగ్గరికి పోయి 14 ఎం.ఎం. వేయమన్నాను. 12 నుంచి 14 అంటే రెండు మిల్లీమీటర్లే కదా అనిపిస్తుంది. కానీ మరకూ మరకూ మధ్య 1.5 ఎం.ఎం. దూరం ఉన్న స్టడ్లలో లాగుడును తట్టుకునే లోహం 88 చదరపు మిల్లీమీటర్ల నుంచి దాదాపు 125కు పెరుగుతుంది, అంటే 40 శాతం ఎక్కువ. పైగా 10.9 గ్రేడు అడిగి తీసుకున్నాను, అది ఉక్కు బలాన్ని చెప్పే అంకె. తల మీద ఆ అంకె లేకపోతే కొనవద్దు.

"అన్నా, స్టడ్డు మార్చుడు పెద్ద పని కాదు. హబ్బుల బొక్క తేడా వస్తే హబ్బే పాయె" అన్నాడు మేస్త్రీ. ముందు రంధ్రం చుట్టూ ఎంత లోహం మిగులుతుందో కొలిచాకే పని ఒప్పుకున్నాడు. స్టడ్డు తల కింద పళ్ళు ఉంటాయి. హబ్ రంధ్రం ఆ పళ్ళ కంటే పిసరంత చిన్నగా ఉండాలి, అప్పుడే ప్రెస్‌లో నొక్కితే పట్టుకుంటుంది. సుత్తితో కొడతామంటే అక్కడి నుంచి వచ్చేయండి. డ్రమ్ము రంధ్రాలూ పెంచాలి. రిమ్ము రంధ్రంలో కొత్త స్టడ్డు దూరాలి, కొత్త నట్టు కోన్, అంటే దాని వాలు అంచు, రిమ్ము వాలులో చుట్టూ సమంగా కూర్చోవాలి. రంధ్రాలు కోలగా సాగిన నా పాత రిమ్మును తీసి పారేశాను.

ఇక్కడ ఒక తప్పు చేశాను. డబ్బు కలిసొస్తుందని మొదట వెనుక చక్రాలకే మార్పించాను. రెండు నెలల్లో ముందు చక్రం పంచరైంది. 14కు సరిపోయేలా పెంచిన స్టెప్నీ రిమ్ములో ముందు చక్రం 12 నట్టు కోన్ లోపలికి దిగిపోతోంది, సరిగ్గా ఆనడం లేదు. ఎండలో రోడ్డు పక్కన నిలబడి పంచరు వేయించుకుని, అదే వారం ముందువీ మార్పించాను. చేస్తే నాలుగు చక్రాలూ, స్టెప్నీ కలిపే చేయండి. కొత్త నట్లకు సరిపోయే స్పానర్ కూడా బండిలో పెట్టుకోండి. పాత జీపులు ఉన్నవాళ్ళకు ఇంకో మాట: కొన్నింటిలో ఎడమ వైపు చక్రాలకు ఎడమ మరలు, అంటే తిరగేసి బిగించేవి, ఉంటాయి, స్టడ్లు కొనేముందు చూసుకోండి.

అప్పటి నుంచి మూడు మిర్చి సీజన్లు గడిచాయి. 2024 ఫిబ్రవరి మేడారం జాతరకు బంగారం, అంటే బెల్లం, వారం రోజులు ములుగు రోడ్డు మీద మోశాను. ఒక్క స్టడ్డు తెగలేదు. కానీ ఆ ఘనత మొత్తం 14కు ఇవ్వను. చక్రం విప్పిన ప్రతిసారీ రిమ్ము ముఖం వైరు బ్రష్‌తో రుద్దుతాను. నట్లను చుక్కల ముగ్గులో నక్షత్రం గీసినట్టు ఒకటి విడిచి ఒకటి బిగిస్తాను, బిగింపు ఎంతో కొలిచే టార్క్ రెంచ్‌తో 140 న్యూటన్ మీటర్లకు. మరకు నూనె పూయను. పూస్తే అదే బిగింపుకు స్టడ్డు ఎక్కువ సాగిపోతుంది. యాభై, వంద కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ చూస్తాను. ఇవేవీ చేయకపోతే 14 కూడా తెగుతుంది.

ఇంకొకటి గట్టిగా చెప్పాలి. స్టడ్డు పెద్దదైందని పది బస్తాలు ఎక్కువ వేసిన మిత్రులను చూశాను. యాక్సిల్, స్ప్రింగు పట్టీలు, టైర్లు, బ్రేకులు పాతవే. దయచేసి ఆ పని చేయకండి.

నట్టు నుంచి రిమ్ము మీదికి తెల్ల పెయింటుతో గీత గీసి పెట్టాను, నట్టు వదులైతే గీత తప్పి కనిపిస్తుంది. పొద్దున బండి తీసే ముందు నాలుగు చక్రాలూ ఒకసారి చుట్టి వస్తాను. ఈ ఏప్రిల్‌లో బ్రేకుల పనికి చక్రాలు విప్పినప్పుడు ఇరవై స్టడ్లకూ నట్టు చివరిదాకా వేళ్ళతోనే తిరిగింది, అంటే మరలు సాగలేదు. పాత వాటికి సగం దాకా పోయి పట్టేసేది.