మేడమీద గదిలో 65 అంగుళాల టీవీ: మూడు వేసవులు వాడాక

కంపెనీ పేరు, మోడల్ నంబర్ అడిగేవాళ్లకి ముందే చెప్పేస్తున్నా, అవి రాయడం లేదు. నేను కొన్న మోడల్ ఇప్పుడు దుకాణాల్లో లేదు, ఏడాది తిరిగేసరికి నంబర్‌కి ఒక అక్షరం తగిలించి లోపల పానెల్ మార్చి అమ్మడం ఈ వ్యాపారంలో మామూలే. కాబట్టి రకం చెప్తాను. 65 అంగుళాలు, 4కే, ఐపీఎస్ అనే రకం పానెల్ (బొమ్మ చూపించే తెర భాగం), తెర వెనకంతా ఎల్ఈడీలు పరిచి ఉండే డైరెక్ట్ లిట్ రకం. నెల్లూరులో మా ఇంటి మేడమీద గదిలో ఉంది. కింద హాల్లో ఉన్న పాత టీవీ తీసేశాం, ఇంటిల్లిపాదీ చూసేది దీన్నే.

గది సంగతి ముందు చెప్పాలి, ఎందుకంటే ఏ టీవీ కొనాలో నూటికి తొంభై పాళ్లు తేల్చింది అదే. పడమటి గోడకి పెద్ద కిటికీ, సాయంత్రం నాలుగు దాటితే ఎండ సూటిగా లోపలికొచ్చి పడుతుంది, మే నెలలో నెల్లూరు ఎండ గురించి కొత్తగా చెప్పేదేముంది. టీవీ గోడకి ఎదురుగా సోఫా, పక్క గోడ పొడవునా దివాన్. దివాన్ అమ్మది. పండక్కి చుట్టాలొస్తే కింద చాపలు పరుస్తాం. అంటే తెరకి తిన్నగా కూర్చునేది ఇద్దరో ముగ్గురో, మిగతావాళ్లంతా పక్క నుంచో కింద నుంచో చూసేవాళ్లే. యూట్యూబ్‌లో టీవీలకి మార్కులు వేసేవాళ్లు చీకటి గదిలో కుర్చీ వేసుకుని సరిగ్గా మధ్యలో కూర్చుని వేస్తారు. మన ఇళ్లలో అలా చూసేదెవరు?

ట్రంకు రోడ్డులో దుకాణాలు చాలానే ఎక్కి దిగాను. లోపల లైట్ల వెలుతురు పట్టపగలులా ఉంటుంది, టీవీలన్నీ డెమో మోడ్‌లో వెలుగు చివరిదాకా పెంచి ఉంటాయి, రంగురంగుల చిలకలు, సముద్రం అడుగున చేపలు, కోసిన దానిమ్మకాయ, ఇవే తిరుగుతుంటాయి. ఆ వీడియోలో ఏ టీవీ అయినా బాగుంటుంది. ఒక దుకాణంలో కుర్రాడు "అన్నా, ఆ నలుపు చూడన్నా" అంటూ వీఏ అనే ఇంకో రకం పానెల్ ఉన్న టీవీ ముందు నిలబెట్టాడు. నిజమే, నలుపు నలుపులాగే ఉంది. అక్కడి నుంచి పక్కకి జరిగి, మా దివాన్ ఎంత వాలుగా ఉంటుందో అంత వాలుగా నిలబడి చూశాను. మనుషుల మొహాలు పాలిపోయాయి, ఎర్ర చీర గులాబీ రంగులోకి దిగింది. దాని పక్కనే ఉన్న ఐపీఎస్ టీవీలో ఎటు జరిగినా రంగు పెద్దగా మారలేదు, కాకపోతే నలుపు ఉండాల్సిన చోట ముదురు బూడిద రంగు. ఇందులో కంపెనీ గొప్పదనమూ లేదు, లోపమూ లేదు, పానెళ్ల స్వభావమే అది. వీఏలో కాంట్రాస్ట్, అంటే తెలుపు వెలుగుకీ నలుపుకీ మధ్య తేడా, మామూలుగా 3000కి 1 పైన ఉంటుంది, ఐపీఎస్‌లో 1000కి 1 చుట్టుపక్కల. అటు నలుపు కావాలా, ఇటు పక్క చూపు కావాలా అన్నదే బేరం. మా ఇంట్లో పక్కన కూర్చునేది అమ్మ, రోజంతా టీవీ చూసేదీ అమ్మే. అక్కడితో తేలిపోయింది.

మరి ఓలెడ్ ఎందుకు కాదు అంటారా. ఓలెడ్‌లో ఒక్కో పిక్సెల్ తనంతట తానే వెలుగుతుంది, ఆరిపోతే నిజమైన నలుపు, పక్క నుంచి చూసినా రంగు చెడదు, బొమ్మ సంగతే అయితే దానికి వంక పెట్టలేం. కానీ మా ఇంట్లో పొద్దున కాఫీతో మొదలయ్యే వార్తల ఛానల్ మధ్యాహ్నం సీరియళ్ల దాకా అలాగే ఉంటుంది. మూలన ఛానల్ బొమ్మ, కింద ఎర్ర పట్టీ, అందులో తెల్ల అక్షరాలు, గంటల తరబడి అక్కడే. ఓలెడ్‌లో ఒకే చోట ఒకే బొమ్మ అంతసేపు నిలబడితే ఏళ్లు గడిచేకొద్దీ అది అచ్చుపడి మిగిలిపోయే ప్రమాదం ఉంది, దాన్నే బర్న్-ఇన్ అంటారు, చాలా వారంటీల్లో దానికి చోటు లేదు. అమ్మకి చెప్పి ఛానల్ మార్పించడం నా వల్ల అయ్యే పని కాదు. క్యూలెడ్ అనే పేరు చూసి ఓలెడ్ లాంటిదే అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. అది వేరు, మామూలు ఎల్ఈడీ టీవీకే రంగులు మెరుగుపరిచే క్వాంటమ్ డాట్ పొర వేస్తే క్యూలెడ్. ప్రొజెక్టర్ ఆలోచన కూడా వచ్చింది కానీ పడమటి కిటికీ ఉన్న గదిలో సాయంత్రం దాని మొహం చూడలేం.

సైజు దగ్గర ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. మా ఆవిడ 55 చాలంది, పిల్లలు 75 అన్నారు. పాత పేపర్లు అతికించి గోడ మీద 65 అంగుళాల కొలత పెట్టాను, వెడల్పు 144 సెంటీమీటర్లు, ఎత్తు 81. రెండ్రోజులు అలాగే ఉంచితే అందరికీ కళ్లకి అలవాటైంది, చర్చ ముగిసింది. లెక్క కావాలంటే అదీ ఉంది: కూర్చునే దూరాన్ని అంగుళాల్లో కొలిచి 1.6తో భాగించండి, తెర చూపులో 30 డిగ్రీల మేర పరుచుకునే సైజు వస్తుంది. మా సోఫా నుంచి గోడకి తొమ్మిది అడుగులు, అంటే 108 అంగుళాలు, భాగిస్తే 67 చిల్లర. కాకపోతే ఆ లెక్క సినిమాకి. అమ్మ చూసే ఛానళ్లలో కొన్ని ఇంకా ఎస్డీలోనే వస్తాయి, 576 గీతల బొమ్మని 2160 గీతల తెర మీదికి సాగదీస్తే అక్షరాల అంచులు చెదిరిపోయి కనబడతాయి. కొనేముందే దుకాణంలో సెట్‌టాప్ బాక్స్ తగిలించి మామూలు ఎస్డీ ఛానల్ పెట్టమని అడగండి. కుర్రాళ్లకి నచ్చదు. పట్టుబట్టండి, ఏ టీవీ నాసిరకం సిగ్నల్‌ని ఎంత మర్యాదగా చూపిస్తుందో అప్పుడే తెలుస్తుంది. మాకు ఈ విషయంలో ఒక టీవీకీ ఇంకో టీవీకీ కనబడినంత తేడా 4కే వీడియోల్లో కనబడలేదు.

ఇంకో మాట, డబ్బా ఎంత పొడుగో చూసుకుని మీ మెట్ల మలుపు కొలుచుకోండి. మాది తిరగలేదు, బాల్కనీ మీదుగా తాళ్లతో లాగారు, నిలువుగానే, పడుకోబెట్టకుండా. బిగించే మనిషి వచ్చి దేవుడి పటాల ఎత్తులో గోడకి గీత గీశాడు, అందరూ అక్కడే పెట్టించుకుంటారట. నేను సోఫాలో కూర్చుని కంటి ఎత్తు కొలిపించి అంతకంటే కాస్త కిందికే పెట్టించాను, చాప మీద వాళ్ల కోసం. మెడ నొప్పి అన్న మాట ఇంతవరకూ ఎవరి నోటా వినలేదు.

ఇక బొమ్మ. పెట్టెలోంచి తీసినప్పుడు వివిడ్ మోడ్‌లో ఉంటుంది, అది దుకాణం కోసం. సినిమా మోడ్‌లోకి మార్చి మోషన్ స్మూతింగ్ ఆపేయండి. సినిమా సెకనుకి 24 ఫ్రేములతో తీస్తారు, ఈ స్మూతింగ్ మధ్యలో లేని ఫ్రేములు సొంతంగా కల్పించి కలుపుతుంది, దాంతో లక్షలు పోసి తీసిన సీను కూడా డైలీ సీరియల్‌లా తయారవుతుంది. క్రికెట్‌కి మాత్రం కొద్దిగా ఉంచుకోవచ్చు, బంతి వెనక తోకలా కనబడే మసక తగ్గుతుంది. హెచ్‌డీఆర్ గుర్తు (వెలుగు నీడల తేడా ఎక్కువగా చూపించే వీడియో అని) చూసి ఎక్కువ ఊహించుకోవద్దు. ఆ వీడియోలు చాలావరకు 1000 నిట్ల (నిట్ అంటే తెర వెలుగుకి కొలత) లెక్కలో తయారవుతాయి, మా టీవీ లాంటివి అందులో సగం కూడా ఇవ్వలేవు, గుర్తు ఉంటుంది, మెరుపు ఉండదు. ఈ వీడియోల్లోనే ఒక రకమైన డాల్బీ విజన్ తప్పకుండా కావాలనుకునేవాళ్లు సామ్‌సంగ్ టీవీలు కొనేముందు చూసుకోండి, వాళ్లు దాని బదులు హెచ్‌డీఆర్10 ప్లస్ ఇస్తూ వచ్చారు. నాకైతే ఈ రెండింటి తేడా మీద నిద్ర పాడుచేసుకునేంత ఏమీ కనిపించలేదు.

రాత్రి లైట్లు తీసేస్తే ఐపీఎస్ గుట్టు బయటపడుతుంది. చీకటి సీన్లలో తెరంతా బూడిద వెలుగు, సినిమా పైనా కిందా ఉండే నల్ల పట్టీలు గది చీకటిలో విడిగా కనబడతాయి. దీనికి టీవీ వెనక గోడ మీద పడేట్టు సన్నని తెల్ల ఎల్ఈడీ స్ట్రిప్ అతికించాను, 6500 కెల్విన్ రకం, అంటే పగటి వెలుతురు లాంటి తెలుపు, రంగులు మారే డిస్కో లైటు కాదు. గోడ కాస్త వెలిగితే కంటికి తెర నల్లగా అనిపిస్తుంది. కొన్నవాటిలో రూపాయికి రూపాయి పనికొచ్చింది ఇదీ, కిటికీకి వేయించిన మందపాటి రోలర్ కర్టెనూ. ఆ కర్టెన్ లేకపోతే సాయంత్రం మ్యాచ్‌లో స్కోరు కంటే మా మొహాలే తెర మీద బాగా కనబడేవి.

శబ్దం విషయంలో పెద్దగా మాట్లాడటానికి ఏమీ లేదు, 20 వాట్ల స్పీకర్లు కిందికి తిరిగి ఉంటాయి, పాటలు మోగుతాయి, మాటలు సరిగ్గా వినబడవు. డబ్బా మీద డాల్బీ అట్మాస్ అని రాసినంత మాత్రాన సన్నటి పెట్టెలోంచి శబ్దం తలమీదికి రాదు. సౌండ్‌బార్ కొనుక్కోండి, ఏఆర్‌సీ లేదా ఈఏఆర్‌సీ అని రాసి ఉన్న హెచ్‌డీఎంఐ రంధ్రంలోనే పెట్టండి, ఒకే రిమోట్‌తో పని అవుతుంది.

స్మార్ట్ అనేది మొదటి ఏడాదే స్మార్ట్. తర్వాత అప్‌డేట్లు వచ్చేకొద్దీ రిమోట్ నొక్కి నీళ్లు తాగి వచ్చేంత సమయం పడుతుంది. తెర పదేళ్లు వస్తుందేమో గానీ లోపలి చిప్పు అంత రాదు. ఇప్పుడు స్ట్రీమింగ్ స్టిక్ తగిలించి టీవీని వట్టి తెరలా వాడుతున్నాం, హాయిగా ఉంది, కాబట్టి సాఫ్ట్‌వేర్ కోసం ఎక్కువ డబ్బు పెట్టొద్దు. నెట్ గురించి కూడా చాలామంది టెన్షన్ పడతారు, 4కేకి నెట్‌ఫ్లిక్స్ వాళ్లు అడిగేది 15 ఎంబీపీఎస్సే. స్పీడు సరిపోతుంది, ఆలస్యం మాత్రం తప్పదు. మ్యాచ్ రోజు పక్కింటి డిష్ వాళ్లు సిక్సర్ అని అరిచాక మా యాప్‌లో బౌలర్ పరుగు మొదలుపెడతాడు. శ్రీహరికోటలో రాకెట్ ఎగిరే రోజైతే ఇంకా తమాషా, తెర మీద కౌంట్‌డౌన్ నడుస్తుండగానే పిల్లలు "వచ్చేసింది నాయనా" అని డాబా మీద నుంచి కేకేస్తారు.

కరెంటు సంగతి. టీవీ వెనక స్టిక్కర్ మీద 100 నుంచి 240 వోల్టులు అని రాసి ఉంటే లో వోల్టేజీకి భయపడి పెద్ద స్టెబిలైజర్ కొనక్కర్లేదు. భయపడాల్సింది పిడుగులకి. నవంబరు, డిసెంబరు వానల్లో ఉరుము వినబడితే ప్లగ్గుతో పాటు డిష్ కేబులూ, నెట్ వైరూ కూడా పీకేస్తాం, పిడుగు తాకిడి ఆ తీగల్లోంచి కూడా వస్తుంది. 2023లో మిచాంగ్ తుపాను వచ్చినప్పుడు కరెంటు పోతూ వస్తూ ఉంటే అన్నీ పీకి కూర్చున్నాం, టీవీకి ఏమీ కాలేదు.

అసలు దెబ్బ వేడి వల్ల తగిలింది. రెండో వేసవి చివర్లో తెర ఎడమ పక్క గుండ్రటి తెల్ల మచ్చ ఒకటి వెలిగింది, కొన్నాళ్లకి ఇంకోటి. ఆకాశం చూపించే సీను వస్తే రెండు చందమామలు. ఏడాది వారంటీ అప్పటికే అయిపోయింది. కంపెనీ తరఫున వచ్చిన మనిషి చూసి పానెల్ మార్చాలన్నాడు, చెప్పిన రేటుకి ఇంకాస్త కలిపితే కొత్త టీవీ వస్తుంది. ఊళ్లోనే ఒక మెకానిక్‌ని పిలిచాను. ఆయన మంచం మీద దుప్పటి పరిచి టీవీని పడుకోబెట్టి, చుట్టూ ఫ్రేము ఊడదీసి, గాజు తెరని రబ్బరు కప్పులతో ఇద్దరు కలిసి ఎత్తి పక్కన పెట్టారు. దాని కింద తెల్ల షీట్లు ఒకదాని మీద ఒకటి, ఏది ఏ వరసలో ఉందో తప్పిపోకుండా మూలన టేపు ముక్కల మీద అంకెలు వేసుకున్నాడు. అన్నిటికన్నా అడుగున ఎల్ఈడీ పట్టీలు, ఒక్కో లైటు మీద చిన్న ప్లాస్టిక్ లెన్సు. వెలుగుని చుట్టూ పరిచేది ఆ లెన్సే. వేడికి జిగురు వదిలేసి రెండు లెన్సులు ఊడి కింద అంచున పడి ఉన్నాయి. "ఈ గది వేడికి మిగతావీ ఆగవు సార్" అని అన్నిటినీ పీకి మళ్లీ అంటించాడు. మూడు గంటల పని, అయిన ఖర్చు పానెల్ ధరలో పదోవంతు కూడా లేదు. షీట్లు మళ్లీ పేర్చేటప్పుడు ఒక దోమ లోపల ఇరుక్కుపోయింది, కుడి పైమూలన ఇప్పటికీ ఉంది, పిల్లలు దానికి పేరు కూడా పెట్టారు. అప్పటి నుంచి బ్యాక్‌లైట్ (తెర వెనక లైట్ల వెలుగు) సెట్టింగు 60 దాటనివ్వడం లేదు, మచ్చలు తిరిగి రాలేదు. మీది మేడమీద గది అయితే ఎక్స్‌టెండెడ్ వారంటీ తీసుకోండి, అందులో పానెల్, బ్యాక్‌లైట్ రెండూ వస్తాయని రాతపూర్వకంగా ఉందో లేదో చదవండి.

ఇప్పుడు కొనేవాళ్లకి మాకంటే ధర కలిసొస్తుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది. పన్ను లేకుండా 50,000 ఉండే టీవీ అప్పుడు 64,000, ఇప్పుడు 59,000 పడుతుంది. ఆ మిగిలిన అయిదు వేలు సౌండ్‌బార్‌కో కర్టెన్‌కో పోనివ్వండి, ఇంకో పది అంగుళాలకి కాదు. మినీ ఎల్ఈడీ టీవీలు కూడా ఇప్పుడు ధర దిగుతున్నాయి, బ్యాక్‌లైట్‌ని వందల ముక్కలుగా విడగొట్టి కావలసిన చోటే వెలిగిస్తాయి కాబట్టి నలుపు బాగుంటుంది, వెలుగూ ఎక్కువే, పగటి గదులకి మంచివి. కాకపోతే వాటిలో చాలావరకు వీఏ పానెళ్లే, పక్క నుంచి చూడటం మర్చిపోవద్దు.

మా తమ్ముడు ఒంగోలులో ఇల్లు కట్టుకుని టీవీ గది వేసుకున్నాడు, నాది చూసి ఇదే రకం కొంటానన్నాడు. వద్దురా అన్నాను. వాడి గదికి కిటికీ లేదు, చూసేది వాడూ వాళ్లావిడా, అదీ రాత్రి పదింటికి పిల్లలు పడుకున్నాక సినిమాలు, వార్తల ఛానల్ అసలు పెట్టరు. ఓలెడ్ తీసుకో, 55 చాలు, సోఫా గోడకి ఏడడుగులే కదా అని చెప్పాను. మా అమ్మ సంక్రాంతికి వాడింటికి వెళ్లి వారం ఉంటుంది, ఆ వారం ఛానల్ ఎలా మార్పిస్తాడో వాడే చూసుకోవాలి.