లేహ్ దగ్గర ఫిబ్రవరి చలిలో హీటర్ లేని మట్టింట్లో ఉన్నాం, రివ్యూ

చలికాలం లడఖ్ వెళ్దామనుకునే వాళ్ళు ఫోటోల్లో బెడ్డూ బాత్రూమూ చూసి రూమ్ బుక్ చేసేస్తారు, అక్కడ అసలు చూడాల్సింది గోడ. సీరియస్‌గానే చెప్తున్నా. లేహ్ దాదాపు 3,500 మీటర్ల ఎత్తులో ఉంటుంది, ఫిబ్రవరి రాత్రి మైనస్ 15 అంటే అక్కడ ఎవరూ పట్టించుకోరు కూడా. నేనూ మా తమ్ముడూ ముందు టౌన్లో ఒక గెస్ట్‌హౌస్‌లో దిగాం (పేరు వద్దులెండి), కొత్త బిల్డింగు, సిమెంట్ గోడలు, టైల్స్, అచ్చం మన కూకట్‌పల్లి ఫ్లాట్‌లా ఉంది, తెల్లారేసరికి మంచం పక్కన పెట్టుకున్న వాటర్ బాటిల్ గడ్డకట్టింది. గదిలోపలే అండి. గ్యాస్ హీటర్ ఇచ్చారు గానీ పడుకునే ముందు ఆపేయమన్నారు, అది కరెక్టే, మూసిన గదిలో రాత్రంతా అది వెలిగితే ప్రాణానికే ప్రమాదం, కాకపోతే ఆపిన కాసేపటికే ఆ వెచ్చదనం ఎటు పోయిందో తెలీదు.

మర్నాడు ఖాళీ చేసి సింధు నది పక్కన ఒక ఊర్లో హోమ్‌స్టేకి మారాం. నాలుగే గదులు, ఆన్‌లైన్లో పేరు పెట్టొద్దని ఇంటివాళ్ళు అన్నారు కాబట్టి పెట్టట్లేదు, ఇలాంటి ఇళ్ళు ఆ చుట్టుపక్కల ఇంకా ఉన్నాయి, సో ఇది ఆ ఇంటి రకానికి రివ్యూ అనుకోండి.

బయట నుంచి చూస్తే ఏం ఉండదు. పచ్చి ఇటుకల గోడలు, రాతి పునాది, చదును మిద్దె. మిద్దెకి పోప్లర్ దూలాలు, వాటి మీద విల్లో కొమ్మలు దగ్గర దగ్గరగా పరిచి, పైన గడ్డి, ఆ పైన మట్టి. ఉత్తరం వైపు ఒక్క కిటికీ లేదు, అటంతా స్టోర్ రూము, గడ్డి, పశువుల కొట్టం, అంటే చలిగాలి ముందు వాటిని దాటి రావాలి. ఉత్తరం గోడ డబుల్, రెండు గోడల మధ్య రంపపు పొట్టు నింపారంట. అసలు పనంతా దక్షిణం వైపు ఉంది. ఒక గదికి పెద్ద అద్దాల కిటికీలు, మా గదికేమో గోడకి నల్ల రంగు వేసి దాని ముందు కొంచెం గ్యాప్ వదిలి అద్దం బిగించారు. దీన్ని ట్రోంబ్ వాల్ అంటారు, ఫ్రాన్స్‌లో ఫెలిక్స్ ట్రోంబ్ అనే ఇంజినీర్ పేరు మీద వచ్చింది. పగలంతా ఎండకి ఆ గోడ కాగుతుంది, మట్టి గోడ లావుగా ఉంటుంది కాబట్టి ఆ వేడి లోపలి వైపుకి రావడానికి గంటలు పడుతుంది, వచ్చేసరికి రాత్రవుతుంది, కరెక్ట్‌గా మనకి కావాల్సిన టైముకి. గోడకి కిందా పైనా చిన్న కంతలు ఉంటాయి, పగలు గదిలో చల్లగాలి కింద నుంచి వెళ్ళి వేడెక్కి పై నుంచి లోపలికొస్తుంది, సాయంత్రం వాటి తలుపులు మూసెయ్యాలి, లేకపోతే అదే గాలి రివర్స్‌లో తిరిగి గదిని చల్లబెట్టేస్తుంది. ఆమా-లే (పెద్దావిడని అక్కడ అలా పిలుస్తారు) పొద్దు వాలగానే వచ్చి మేం మూశామో లేదో చెక్ చేసేది, కర్టెన్లు కూడా.

మా తమ్ముడి దగ్గర చిన్న డిజిటల్ థర్మామీటర్ ఉంది, తెల్లవారుజామున బయట మైనస్ 16, గదిలో ప్లస్ 10. పది అంటే వెచ్చగా ఏం ఉండదు, స్వెటర్ వేసుకోవాల్సిందే, కానీ ఒక్క పుల్ల కాల్చకుండా కరెంటు లేకుండా ఆ తేడా వచ్చిందంటే నేనైతే డబ్బులు వసూలు అనే అంటా. లేహ్ దగ్గరే ఫే అనే ఊరి పక్కన సెక్మాల్ క్యాంపస్ అని ఉంది, 1988లో లడఖ్ ఇంజినీర్ సోనమ్ వాంగ్‌చుక్ వాళ్ళు మొదలుపెట్టిన విద్యా సంస్థది, అక్కడి పెద్ద మట్టి బిల్డింగ్‌కి 2016లో టెర్రా అవార్డు (మట్టి కట్టడాలకి ఇచ్చే అంతర్జాతీయ అవార్డు) వచ్చింది, అదీ ఇదే లెక్క, ఎండ, మట్టి, దక్షిణం. ఆయనే 2021లో ఆర్మీ వాళ్ళ కోసం సోలార్ వేడితో పనిచేసే టెంట్ చేశారు, పదిమంది జవాన్లు పడతారు, ఏ ముక్కా 30 కిలోలు దాటదు కాబట్టి విప్పి మోసుకుపోవచ్చు.

ఖర్చు సంగతికొస్తే, మట్టి ఊర్లోదే, చెక్క ఊర్లోదే, ఇటుకలు ఎండాకాలం అక్కడే పోసుకుంటారు. అద్దాలు మాత్రం కింద నుంచి లారీలో రావాలి. సిమెంటూ ఇనుమూ కూడా అంతే, జోజీలా కనుమ మీదుగానో మనాలి రోడ్డు మీదుగానో రావాలి, రేటు అక్కడే పెరిగిపోతుంది, పైగా గడ్డకట్టే చలిలో కాంక్రీటు సెట్ కాదు కాబట్టి కట్టేది వేసవి నెలల్లోనే. అయినా టౌన్లో అందరూ సిమెంటుకే వెళ్తున్నారు, స్టేటస్ మరి. అంతే లావున్న సిమెంట్ గోడ మట్టి గోడ కంటే వేడిని ఎక్కువగా వదిలేస్తుంది, కట్టేటప్పుడు ఒకసారి డబ్బు, తర్వాత ప్రతి చలికాలం కిరోసిన్‌కో కట్టెలకో ఇంకోసారి డబ్బు. అద్దాలకి డబ్బు లేనివాళ్ళు దక్షిణం గోడకి ఆనించి పాలిథిన్ షీట్‌తో గ్రీన్‌హౌస్ కట్టుకుంటారు, అందులో ఆకుకూర కూడా పండుతుంది, వేసవి రాగానే షీట్ చుట్టేస్తారు. నాకు అన్నిటికంటే ఇదే నచ్చింది.

మైనస్‌లు చెప్పకపోతే రివ్యూ కాదు. మేమున్నప్పుడు ఒక రోజు మబ్బు పట్టి మంచు పడింది, ఆ రాత్రి గది 5కి దిగింది, అప్పుడు వంటింట్లో బుఖారీ (కట్టెల పొయ్యి లాంటి హీటర్) చుట్టూ అందరం చేరాం (ఆ రాత్రి తుక్పా, అంటే నూడుల్స్ సూప్, మాత్రం సూపర్). మిద్దె నుంచి సన్నగా మట్టి రాలుతూ ఉంటుంది, డస్ట్ అలర్జీ ఉన్నవాళ్ళు చూసుకోండి. పైపుల్లో నీళ్ళు గడ్డకడతాయి కాబట్టి కొళాయి లేదు, స్నానం అంటే వేడినీళ్ళు అరబకెట్. టాయిలెట్ లడఖీ పద్ధతి, నీళ్ళు వాడరు, మట్టీ బూడిదా తొయ్యాలి, కింద ఎరువవుతుంది. వాసన రాదు గానీ మన పెద్దవాళ్ళకి అలవాటు కావడం కష్టం.

ఇంకో పెద్ద విషయం వాన. లేహ్‌లో ఏడాదంతా పడేది పది సెంటీమీటర్ల వాన, మన కోస్తాలో ఒక్క తుఫాను రోజుకి అంత పడిపోతుంది. 2010 ఆగస్టులో అర్ధరాత్రి కుంభవృష్టి పడి లేహ్ పక్కనున్న చోగ్లమ్‌సర్ వైపు బురద వరద వచ్చింది, పచ్చి ఇటుకల ఇళ్ళు చాలా కొట్టుకుపోయాయి, రెండొందల మందికి పైగా పోయారు. అందుకే రాతి పునాది ఎత్తుగా ఉందా, ఇల్లు వాగు దారిలో ఉందా లేదా అన్నది నేను వెళ్ళగానే చూశా. ఇది చూసి ఎవరైనా మన దగ్గర ఇలాగే కట్టేద్దాం అంటే వద్దు. మట్టి గోడ ఓకే, దానికి మన చుట్టిల్లులా తాటాకు కప్పు గోడల మీద నుంచి బాగా కిందకి వాలాలి, అద్దం సంగతి మర్చిపోండి. హైదరాబాద్‌లో పడమర మొత్తం గ్లాస్ పెట్టి రోజంతా ఏసీ వేసుకునే ఆఫీసులు ఉన్నవి చాలు.

చిన్న పిల్లలతో అయితే చలికాలం వద్దు, వేసవిలో వెళ్ళండి. అప్పుడు గది ఉడికిపోతుందేమో అని అడుగుతారు, ఉడకదు, చలికాలం సూర్యుడు కిందుగా ఉంటాడు కాబట్టి ఎండ లోపలికి వస్తుంది, డిసెంబర్ మధ్యాహ్నం కూడా 32 డిగ్రీల ఎత్తే, వేసవిలో నడినెత్తికి వస్తాడు కాబట్టి చూరు ఆపేస్తుంది. నా రేటింగ్ ఐదుకి నాలుగు, బాత్రూమ్‌కి ఒకటి కట్. ఫోన్ చేసినప్పుడు వైఫై తర్వాత అడగండి, గది దక్షిణం వైపేనా, ముందు ఎండకి అడ్డంగా వేరే బిల్డింగు గానీ కొండ గానీ ఉందా, అద్దం సింగిలా డబులా, ఈ మూడూ ముందు అడగండి. లేహ్‌లో దిగాక మొదటి రెండు రోజులు ఎక్కడికీ తిరక్కుండా రెస్ట్ తీసుకోవాలి ఎలాగూ, ఆ రెండు రోజులకే ఇలాంటి గది బుక్ చేసుకోండి.