పంపుహౌస్ ప్యానెల్‌కి ఏ పీఎల్‌సీ: సీమెన్స్‌దా, డెల్టాదా?

రెండు మోటార్లు, వాటి వేగం మార్చే రెండు డ్రైవ్‌లు, సంపులో నీటి మట్టం చెప్పే ఒక లెవెల్ ట్రాన్స్‌మిటర్, పైపు మీద ఒత్తిడి చెప్పే ఒక ప్రెషర్ ట్రాన్స్‌మిటర్. ఊరి మంచినీళ్ల పంపుహౌస్‌కి మామూలుగా కట్టే ప్యానెల్ ఇది. దీన్ని నడిపే పీఎల్‌సీకి, అంటే ప్రోగ్రామ్ ప్రకారం మోటార్లను ఆన్, ఆఫ్ చేసే చిన్న కంప్యూటర్‌కి, నేను చూసేవి రెండే: సీమెన్స్ ఎస్7-1200లో 1214సి, డెల్టా డీవీపీలో 20ఎస్ఎక్స్2. మిత్సుబిషి ఎఫ్ఎక్స్5యూ కూడా మంచిదే గానీ ఇంత చిన్న పనికి దాని జోలికి పోను.

పాయింట్లు లెక్కపెడితే సీమెన్స్‌దే పైచేయి. 14 డిజిటల్ (ఆన్/ఆఫ్) ఇన్‌పుట్లు, 10 అవుట్‌పుట్లు ఉంటాయి. డెల్టాలో 8, 6 మాత్రమే. ఒక్కో మోటారుకి ఆటో, మాన్యువల్, ట్రిప్ అని మూడేసి తీసుకుంటే ఆరు. ఎమర్జెన్సీ స్టాప్, ఫేజ్ పోతే మోటారుని ఆపే ఫేజ్ ప్రివెంటర్ కలిపితే ఎనిమిదీ నిండిపోతాయి. స్పేర్ ఒక్కటీ మిగలదు.

మట్టం, ఒత్తిడిలా పెరిగీ తగ్గీ ఉండే అనలాగ్ సిగ్నళ్ల దగ్గర లెక్క మారిపోతుంది. సైట్‌లో ట్రాన్స్‌మిటర్లన్నీ 4-20 మిల్లీఆంప్స్‌వే వస్తాయి. 1214సిలో ఉన్న రెండు అనలాగ్ ఇన్‌పుట్లూ 0-10 వోల్టులే తీసుకుంటాయి. అందుకని చాలామంది టెర్మినల్లో 500 ఓమ్స్ రెసిస్టర్ బిగిస్తారు, కరెంటు కాస్తా 2-10 వోల్టులవుతుంది. నేనూ ఒకసారి అలాగే కానిచ్చేశాను. కొన్నాళ్లకి స్క్రూ వదులై రెసిస్టర్ కాలు ఊడింది. ట్రాన్స్‌మిటర్‌ని నడిపే లూప్ వోల్టేజీ అంతా నేరుగా ఇన్‌పుట్ మీదికొచ్చి, ఖాళీ సంపు కాస్తా స్క్రీన్ మీద నిండుగా కనిపించింది. నీళ్లు లేకుండానే మోటారు తిరిగింది. అప్పటినుంచి సీమెన్స్ పెడితే కరెంటు సిగ్నల్ నేరుగా తీసుకునే ఎస్ఎం1231 మాడ్యూల్ తప్పనిసరిగా వేస్తున్నాను, ఖర్చు పెరిగినా సరే. ఎస్ఎక్స్2కి ఈ తంటా లేదు: నాలుగు అనలాగ్ ఇన్‌పుట్లు, రెండు అవుట్‌పుట్లు దాంట్లోనే ఉన్నాయి, కరెంటు సిగ్నల్ నేరుగా తీసుకుంటాయి.

డ్రైవ్‌లతో మాడ్‌బస్‌లో (యంత్రాలు ఒకదానితో ఒకటి డేటా పంచుకునే పద్ధతి) మాట్లాడించడానికి డెల్టాలో ఆర్ఎస్-485 అనే సీరియల్ పోర్టు ముందే ఉంది. సీమెన్స్‌కి సీబీ1241 బోర్డు కొని ముందువైపు గుచ్చాలి. ఈథర్‌నెట్ సంగతి దీనికి తలకిందులు: సీమెన్స్‌లో ఉన్నదే, డెల్టా ఎస్ఎక్స్2కి ఎడమ పక్కన విడిగా మాడ్యూల్ తగిలించాలి.

ఇక అసలు టెన్షన్ ప్యానెల్ ఆగిపోయిన రాత్రి మొదలవుతుంది. డెల్టాకి ప్రోగ్రామ్ రాసే ఐఎస్‌పీసాఫ్ట్ ఉచితం, ఏ సర్వీసు కుర్రాడి ల్యాప్‌టాప్‌లోనైనా వేసుకోవచ్చు. సీమెన్స్‌కి వాడే టియా పోర్టల్‌కి లైసెన్సు కొనాలి. పైగా వి16లో చేసిన ప్రాజెక్టు వి15లో తెరుచుకోదు. వచ్చినవాడి దగ్గర పాత వెర్షన్ ఉంటే ఆ రాత్రికి నీళ్లు లేనట్టే.

అందుకే పంపుహౌస్ తనంతట తాను నడిచేదైతే నా ఓటు డెల్టాకే, పక్కన 8 ఇన్‌పుట్ల ఎక్స్‌టెన్షన్ ఒకటి వేసి. ఆఫీసులోని స్కాడాకి (పంపులను దూరం నుంచి చూసే కంప్యూటర్ వ్యవస్థకి) ఈథర్‌నెట్‌లో డేటా పంపాలంటే మాత్రం సీమెన్స్ తీసుకోండి, ఎస్ఎం1231తో కలిపి.

ఏది కొన్నా ఆర్డరులోనే ఒక మాట రాయించండి: కామెంట్లతో సహా ప్రోగ్రామ్ ఫైలు, పాస్‌వర్డ్ మీ చేతికి ఇవ్వాలని. నేనైతే పెన్‌డ్రైవ్‌లో వేసి, ప్యానెల్ తలుపు లోపలి జేబులో డ్రాయింగ్‌తో పాటే పెట్టి వస్తాను.